మూడో చరణంలో బెల్లం

పోయిన నెల మా కోడలి తమ్ముడు రాఘు మా ఇంటికి వచ్చాడు. చాలా ఏళ్లకు వచ్చాడు. ఆటో దిగి వాకిట్లోనే నిలబడిపోయాడు, చెప్పు విడవడానికి వంగలేక. కుడికాలికి తెల్లని కట్టు ఉంది. ఒకప్పుడు ఈ మనిషి స్టేజీ మీద ఎగిరితే గద్వాల పిల్లలు బెంచీలెక్కి ఈలలు వేసేవాళ్లు. ఇప్పుడు పొట్ట ముందుకొచ్చి, మెడ లావెక్కి, గడప దాటడానికి గోడ పట్టుకున్నాడు. మా కోడలు మంజుల పరుగున పోయి చెయ్యి అందించింది. నేను మంచం మీద నుంచి లేవలేదు.

"అత్తమ్మా, బాగున్నవా?" అన్నాడు.

"నీ పాటల ఎట్లున్ననో గట్లనే ఉన్న," అన్నాను.

నవ్వాడు. నవ్వొక్కటే ముసలిది కాలేదు వాడిది. అక్క ఇచ్చిన చక్కెర లేని చాయ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. "మన పాటకు మళ్ల పాణమొచ్చింది అత్తమ్మా. పిల్లలు ఫోన్లల్ల మస్తు ఎగురుతున్నరు. కొత్తగ వీడియో తీద్దమని హైదరాబాదోళ్లు వచ్చిన్రు. అసలు కిష్టమ్మత్తవు నువ్వే కూసుంటె ఇంక జూస్కో! నువ్వేం జెయ్యొద్దు. గా తాళంచెవి కొంగుకు కట్టుకొని జర నవ్వితే సాలు."

మన పాట అన్నాడు. లేచి సామానుగదిలోకి వెళ్లాను.

మా సామానుగదికి కిటికీ లేదు. తలుపు తీయగానే ముందు ఎండుమిరపకాయల ఘాటు తగులుతుంది. దాని వెనక పల్లినూనె వాసన, ఆ వెనక వేపాకు కలిపి పోసిన జొన్నల వాసన. అన్నిటికంటే అడుగున, నిలబడి వెతుక్కుంటే తప్ప దొరకనట్టు, చెక్కపెట్టెలోని బెల్లం వాసన. ఈ గది తాళంచెవి మా అత్త కొంగున ఉండేది. ఆమె పోయిన రోజు స్నానం చేయించడానికి చీర మార్చినప్పుడు విప్పి నా కొంగుకు కట్టారు. నేను దాన్ని మెడలో పుస్తెల కన్నా జాగ్రత్తగా చూసుకున్నానంటే తప్పు పట్టేవాళ్లు పట్టుకోండి. మాది మల్దకల్ పక్కన ఎర్రచెలకల ఊరు. వాన పడితే పంట, పడకపోతే మేస్త్రీ వెంట వలస. కరువు వచ్చిన ఏడు మా వీధిలో సగం ఇళ్లకు బయట తాళాలు పడ్డాయి. ముసలివాళ్లను, మేకలను వదిలి జనం లారీలెక్కారు. మా ఇంటికి బయట తాళం పడలేదు. బయట తాళం పడకుండా ఉండాలంటే లోపల తాళం వేసుకోవాలి అని మా అత్త అనేది. బడి చదువు నాకు రెండో తరగతితోనే ఆగిపోయింది గానీ ఈ చదువు ఆగలేదు.

మా అత్త నోరు కఠినం, చెయ్యి ఇంకా కఠినం. జొన్నపిండి చాటలో పోసి ఇచ్చి, రొట్టెలన్నీ అయ్యాక చాట చూపించమనేది. చాట అంచుకు పిండి అంటుకుని ఉంటే దాన్నే దులిపి ఇంకో చిన్న రొట్టె చేయించేది. ఆ రొట్టె నాకు. పొయ్యి ఆర్పిన బొగ్గులు మర్నాటి నిప్పుకు, నిప్పు బూడిద గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్లు బర్రెకు. పెనానికి నూనె రాయాలంటే సగం కోసిన ఉల్లిగడ్డ చెక్కను నూనెలో అద్ది రుద్దేది. ఆ చెక్క ఎండి నల్లబడేదాకా పొయ్యిగూట్లో ఉండేది. ఆమె పోయాక నేనూ అట్లాగే చేశాను. నాకు అదొక్కటే తెలుసు. తెలిసినదానితో ముగ్గురు పిల్లలను పెంచాను, ఆకలి అని ఒక్కనాడు ఒకరి గుమ్మం ముందు నిలబడలేదు.

మా ఇంటాయన నాకు ఎదురు. నవ్వే మనిషి. బెల్లం పిచ్చి ఉండేది. సామానుగది తలుపు తీసి నేను మిరపకాయలు కొలుస్తుంటే పిల్లిలా వెనకగా వచ్చి పెట్టె మూత లేపేవాడు. "చీమ కంటె నయమే గదనే నేను, దానికి తాళమేస్తవా?" అనేవాడు. పంచె అంచున బెల్లం మరకలు, మరకల చుట్టూ చీమలు. తిట్టేదాన్ని. తిట్టించుకోవడానికే తినేవాడేమో అని కూడా అనుకునేదాన్ని.

మా కొడుకు తిమ్మప్ప పెళ్లి వనపర్తిలో అయింది. మా దిక్కు పెళ్లిళ్లలో బువ్వం బంతి దగ్గర ఎగతాళి పాటలు పాడతారు. మగపెళ్లివాళ్లు వరుసగా కూర్చుని తింటుంటే ఆడపెళ్లి ఆడవాళ్లు చుట్టూ నిలబడి, పేరు పెట్టి, ఊరు పెట్టి, ఒక్కొక్కరి పరువు విస్తరిలో వడ్డిస్తారు. దానికొక రీతి ఉంది. చచ్చిపోయినవాళ్ల ఊసు ఎత్తకూడదు. అవతలివాళ్లకు జవాబు పాడే వంతు ఇవ్వాలి. అంతా అయ్యాక పాడినామె వచ్చి, పాడించుకున్నామె నోట్లో బెల్లం ముక్క పెట్టాలి. ఈమె తిరిగి ఆమె నోట్లో పెట్టాలి. రెండు నోళ్లూ తీపైతేనే ఆ పాట అక్కడికి తీరినట్టు. పందిరి విప్పాక దాన్ని ఎత్తినవాళ్లను మనుషుల్లో కలపరు. ఆ రోజు మా వియ్యపురాలు, అంటే మంజుల తల్లి, నా మీద కట్టింది:

కొంగున తాళం కిష్టమ్మత్తా
కోడికి ఎన్ని గింజలు?
పెనముకు నూనె ఉల్లిచెక్క
కూరకు నూనె వాసనా!

మీ ఇంట్ల ఎలుకలు కిష్టమ్మత్తా
ఏడాదంత ఏకాదశి
మా పిల్లనిస్తిమి, జర సూడు
మా పిల్లకెప్పుడు ద్వాదశి?

పందిరంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఇంటాయనే. పొలమారి, కళ్లలో నీళ్లొచ్చి, "ఎవరో మా ఇంట్ల దీపం పెట్టి చూసినట్టు పాడిన్రు!" అన్నాడు. నేను లేచి వియ్యపురాలి మీద జవాబు పాడాను. ఆమె గురక మీద, ఆమె ముక్కుపొడుం మీద. వాళ్లు ఓడిపోయారనే ఇప్పటికీ మా ఊళ్లో చెప్పుకుంటారు. తర్వాత ఆమె నా నోట్లో బెల్లం పెట్టింది, నేను ఆమె నోట్లో పెట్టాను. "కడుపుల పెట్టుకోకు వదినె," అంది. "కడుపు నిండింది వదినె, సందు లేదు," అన్నాను. అంతే, తీరిపోయింది.

కోడలు వచ్చిన ఆ తొలి ఏళ్లు బాగానే ఉన్నాయి. మంజుల పది దాకా చదివిన పిల్ల, అయినా చాట దులపడం నేర్చుకుంది. రాఘు అప్పుడప్పుడే డిగ్రీ మానేసి ఇంకో ముగ్గురు పిల్లలతో పాటల జట్టు కట్టాడు. 'ఎర్రచెలక' అని పేరు పెట్టుకున్నారు. ఒకడికి ఢోలక్, ఒకడికి కీబోర్డు, ఒకడికి డప్పు. సినిమావాళ్ల గడప తొక్కం, మా పాట మేమే కడతాం, మా కాసెట్టు మేమే తెస్తాం అని వాళ్ల పట్టుదల. వనపర్తిలో పక్కింటివాళ్లు గోల భరించలేక తిడితే, మా పొలం దగ్గరి పశువుల కొట్టంలోకి వచ్చి సాధన చేసేవాళ్లు. బర్రెలు పాలు ఎగబట్టాయి. అయినా ఊరుకున్నాను. నలుగురికీ జొన్నరొట్టెలు, పల్లికారం, మజ్జిగ నేనే కట్టి పంపేదాన్ని. "అత్తమ్మా, మా పాట హిట్టయితే నీకు పట్టుచీర," అనేవాడు రాఘు. "ముందు రొట్టె తిన్న గిన్నె కడుగు," అనేదాన్ని. మూడు కాసెట్లు తెచ్చారు. మంచి పాటలే, వానల మీద, వలస మీద. ఎవరూ కొనలేదు. మూటలు మూటలుగా తిరిగొచ్చి మా కొట్టంలోనే పడ్డాయి, ఎలుకలు అట్టలు కొరికాయి.

ఆ రోజుల్లోనే మా ఇంటాయనకు షుగర్ బయటపడింది. కాలికి పుండు లేచి మానలేదు. కర్నూలు దవాఖానలో డాక్టరు, తీపి ముట్టుకుంటే మనిషి దక్కడు అన్నాడు. నేను ఆ మాటను తాళంచెవితో పాటు కొంగుకు ముడేసుకున్నాను. చాయలో చక్కెర ఆపాను, పండుగకు భక్ష్యాలు చేయడం ఆపాను. బెల్లం పెట్టె అడుగుకు జరిపి పైన జొన్నల సంచి పెట్టాను. ఆయన చిన్నపిల్లవాడిలా అలిగాడు, మొదట నవ్వుతూ, తర్వాత నవ్వకుండా. చివరి రోజుల్లో పుండు వాసన ఇంటినిండా ఉండేది. సాంబ్రాణి వేసినా పోయేది కాదు. ఒక పొద్దున మంచంలో నుంచి చెయ్యి చాపాడు. "కిష్టమ్మా, పిసరంత బెల్లమియ్యే, నోరు చేదుగుంది." నేను కదల్లేదు. విసనకర్ర పట్టుకుని మంజుల పక్కనే ఉంది. "పాపం అడుగుతుండు గదా అత్తా, ఒక్క ముక్క ఇయ్యి," అంది. "నీకు తెల్వదు, ఊకో," అన్నాను. ఆయన నా ముఖం చూడలేదు. నా కొంగుకున్న తాళంచెవిని చూశాడు. పొద్దెక్కేసరికి పోయాడు. ఇస్తే బతికేవాడని కాదు. ఇవ్వకపోతే బతుకుతాడు అనుకున్నాను. ఇప్పుడైనా అదే చెబుతాను, ఎవరడిగినా.

ఆ గదిలో అప్పుడు ముగ్గురమే ఉన్నాం. ఒకరు పోయారు. నేను ఎవరికీ చెప్పలేదు.

ఏడాది మాసికం కూడా అయిపోయింది. గద్వాల సంతలో మిరపకాయలు అమ్మి బస్టాండులో కూర్చున్నాను. ఎదురుగా కాసెట్ల దుకాణం. పెద్ద డబ్బాలో నుంచి పాట మొదలైంది: కొంగున తాళం కిష్టమ్మత్తా. నా చెవులను నేనే నమ్మలేదు. రాఘు గొంతు, కింద కీబోర్డు, డప్పు. పెళ్లి పాటే, రెండు చరణాలూ పొల్లు పోకుండా. పందిరి విప్పాక పాట ఎత్తకూడదని కోపం రావాలి. కానీ నిజం చెబుతున్నాను, వినడానికి బాగుంది. ఆ రోజు నవ్విన మా ఇంటాయన పక్కన కూర్చున్నట్టే అనిపించింది. నా పక్కన అలంపూర్ పోయే ముసలామె ఒకామె ఉంది. తెలియనామె. ఆమె మోకాలి మీద చెయ్యేసి, "గది నా మీద కట్టిన పాటే! కిష్టమ్మత్తను నేనే!" అన్నాను. ఆమె తాళంచెవి చూసి, నోరు మూసుకుని నవ్వింది. అప్పుడు మూడో చరణం వచ్చింది.

బెల్లం ముక్క అడిగె మామ
కిష్టమ్మత్త కొంగు జూసె
తాళం తెర్వక ముందుగాలనే
మామ కండ్లు మూతవడె!

ఆ తర్వాత పాట ఆగి, 'టక్' అని తాళం పడ్డ చప్పుడు. ఆ వెంటనే నలుగురూ కలిసి పగలబడి నవ్వు. నా కొట్టంలో నా రొట్టెలు తిన్న నలుగురి నవ్వు అది. పక్కనున్న ఆమె నవ్వు ఆపేసింది. నా వైపు చూసి, సంచీ తీసుకుని, అవతలి బల్ల మీదికి జరిగింది. "మొగనికి గూడ పెట్టలేదంట, జూడు," అని అక్కడ ఇంకొకామెతో అనడం నాకు వినిపించింది.

ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోలేదు. మంజుల పొయ్యి ముందు ఉంది. "నువ్వే చెప్పినవా?" అన్నాను. దేని గురించి అని అడగలేదు ఆమె.

"కడుపు ఆగక చెప్పిన అత్తా. మామ అడిగిన సూపు నాకు కండ్లల్లనే ఉండె. తమ్మునికి గాక ఎవరికి చెప్పుకోవాలె? పాట కడ్తడని నాకేం తెల్సు?"

"కట్టినంక ఇన్నవు గదా? అప్పుడేమన్నవ్?"

రొట్టె మాడిపోతున్నా తిప్పలేదు. "మొదలు ఏడ్సిన," అంది. "మళ్ల అందరు నవ్వుతుంటె... నాక్కూడ నవ్వొచ్చింది అత్తా."

అబద్ధం చెప్పనందుకు మెచ్చుకున్నాను. క్షమించలేదు. ఆ రోజు నుంచి ఆమె వినేటట్టు ఇంట్లో ఏ ముచ్చటా చెప్పలేదు. ఎసరు, ఉప్పు, పాలు, పిడకలు, ఇంతవరకే మా మాటలు. ఒకే పొయ్యి ముందు ఇద్దరు ఆడవాళ్లు ఏళ్లకేళ్లు అట్లా ఉండగలరా అంటే ఉండగలరు.

ఇక ఆ పాట ఆగలేదు. మూడో చరణమే దాన్ని మోసింది. వానల మీద పాడినప్పుడు పలకని జనం చావు మీద పాడితే పలికారు. జీపుల్లో, ఆటోల్లో, టెంటుహౌస్ మైకుల్లో, నాగర్‌కర్నూల్ నుంచి కృష్ణ దాటి కర్నూలు దాకా అదే. వినాయకుడి ముందు అదే, మల్దకల్ జాతరలో రంగులరాట్నం మీద అదే. చిల్లర ఇవ్వని కండక్టరు కిష్టమ్మత్త, కొసరు వేయని కూరగాయలామె కిష్టమ్మత్త. నా పేరు తిట్టయి ఊరూరా తిరిగింది. అసలు మనిషి ఉందని రాఘు ఏదో కేబుల్ టీవీలో చెప్పాక జనం మా ఇంటికే వచ్చారు. "అవ్వా, గా తాళం జర సూపెట్టవా?" అనేవాళ్లు. బడి పిల్లలు నన్ను చూస్తే పాడాల్సిన పని కూడా లేదు, నాలుకతో 'టక్' అనేవాళ్లు. వీధి మొదట్లో ఒకడు, మధ్యలో ఒకడు, చివర ఒకడు. బావికాడి ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

మా తిమ్మప్ప ఏమన్నా అంటాడేమో అనుకున్నాను. వాడికి అది బామ్మర్ది పేరు, ఊరి పేరు. వాడు అప్పుడే సెల్‌ఫోన్ కొన్నాడు. ఆ పాటనే ఫోన్‌కు పెట్టుకున్నాడు. వాడికి ఫోన్ చేసినవాళ్లకు, వాడు ఎత్తేదాకా అది వినబడుతుంది. ఎరువుల కోసం గద్వాల పోయినప్పుడు ఎంతకూ రాకపోతే నేను పక్కింటి ఫోన్ అడిగి చేసేదాన్ని. కొడుక్కి ఫోన్ చేస్తే మొగుడి చావు వినబడేది. వాడు నిదానంగా ఎత్తేవాడు. 'టక్' దాకా వినాల్సి వచ్చేది.

"గా పాట తీసెయ్యిరా," అన్నాను.

"ఎట్ల తియ్యాల్నో తెల్వదమ్మా, కంపెనోళ్లే పెట్టిన్రు," అన్నాడు. "అయిన నీకేమాయె? నిన్ను జిల్లా అంత ఎరుక జేసె గదా."

అలంపూర్ మునిగిన ఏడు, తుంగభద్ర ఇళ్లలోకి వచ్చి జనం గుట్టలెక్కారని తెలిసినప్పుడు, మా ఊరి నుంచి లారీ కట్టారు. నేను సామానుగది తలుపు రెక్కలు రెండూ బార్లా తీశాను. మా అత్త పోయాక ఆ గది అంత ఖాళీ కావడం అదే మొదలు. జొన్నలు, బియ్యం, పల్లీలు, చివరికి పెట్టెలోని బెల్లం కూడా ఎత్తించాను. "కిష్టమ్మ గింజలు లెక్కబెట్టే పంపిందంటవా?" అని లారీ మీదున్నవాడు అరిచాడు, అందరూ నవ్వారు. డ్రైవరు బండి కదిలిస్తూ పాట పెట్టాడు. నా గింజల మీద కూర్చుని, నా పాట వింటూ, వాళ్లు వెళ్లిపోయారు. దుమ్ము సర్దుకున్నాక ఖాళీ గదికి తాళం వేసుకున్నాను. వీధిలో ఎవడో 'టక్' అన్నాడు.

జవాబు పాడే వంతు నాది. అది నాకు రావాల్సిన వంతు, ఎవరూ ఇవ్వలేదు. కాసెట్టు హిట్టయినందుకు గద్వాల బడి మైదానంలో రాఘు జట్టుకు సన్మానం పెట్టారు. రమ్మని పిలిస్తే పోయాను. ఎందుకు పోయానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దారి పొడవునా కట్టుకుంటూ పోయాను, పశువులకు గడ్డి కోసినట్టు మాటకు మాట కోసి. మైకులో రాఘు, "అసలు కిష్టమ్మత్త వచ్చింది!" అని అరవగానే జనం లేచారు. స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. కొంగు పట్టి తాళంచెవి పైకెత్తి చూపించాడు రాఘు. మైదానమంతా నాలుకలతో 'టక్' అంది. అన్ని నోళ్లు ఒక్కసారి అంటే ఎట్లా ఉంటుందో, పైనుంచి బండలు దొర్లినట్టు ఉంటుంది. నేను మైకు అడిగాను. "మా వంతు పాట," అన్నాను. ఇచ్చాడు, నవ్వుతూనే.

అక్క చెవిల చెప్పిన ముచ్చట
అంగట్ల వెట్టి అమ్మిన తమ్ముడా...

అంతవరకే పాడాను. నా గొంతు సన్నగా, వణికి వచ్చింది. ముందు వరసలో కొందరు నిజంగానే ఊరుకున్నారు. రాఘు ముఖంలో రంగు మారింది. నేను చూశాను. వెనక్కి తిరిగి కీబోర్డు పిల్లవాడికి కన్ను గీటాడు. కీబోర్డు ఎత్తుకుంది, డప్పు ఎత్తుకుంది, నా మైకు పోయింది. నా నోరు ఆడుతూనే ఉంది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. శాలువాతోనే బస్సెక్కి వచ్చాను. మంచి ఉన్ని. చలికాలం ఈనిన బర్రెకు కప్పాను.

ఎర్రచెలకకు ఆ ఒక్క పాటే. తర్వాత ఎన్ని తెచ్చినా జనం, "గవ్వి గాదు, కిష్టమ్మత్త పాడు," అన్నారు. ఢోలక్ పిల్లవాడు ఆటో కొన్నాడు, డప్పు పిల్లవాడు పుణె వలస పోయాడు, కీబోర్డువాడు ఎటు పోయాడో. రాఘు ఒక్కడే పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో అదే పాట, అదే 'టక్', అదే నవ్వు నవ్వుకుంటూ తిరిగాడు. పాడిన చోటల్లా స్వీట్లు తిన్నాడు. ఇప్పుడు వాడి కాలి వేలు తీసేశారు. మా రోజుల్లో తిట్టుకు పందిరి ఉండేది, అవతలి వంతు ఉండేది, చివర బెల్లం ఉండేది. ఇప్పుడు మా మనవరాలు చూపిస్తుంది ఫోన్‌లో, ఎవరో తెలియని పిల్లలు కొంగుకు తాళం కట్టుకుని ఎగురుతుంటారు. తిట్టినవాడికీ పడినవాడికీ మధ్య ముఖాలే లేవు. ఎవరి నోట్లో బెల్లం పెట్టాలి?

కానీ పోయిన నెల ఒకడు మా నడవలో కూర్చున్నాడు. సామానుగదిలో పెట్టె తెరిచి ఇత్తడి పళ్లెంలో బెల్లం దిమ్మ పెట్టుకుని బయటికి వచ్చాను.

"వీడియో తీసుకో," అన్నాను. "కూసోమన్నకాడ కూసుంట, నవ్వుమంటె నవ్వుత. ముందుగాల రీతి కానియ్యి."

"ఏం రీతి అత్తమ్మా?"

"ఎగతాళి పాటకు బెల్లం బాకీ ఉంటది. మీ అమ్మ తన పాటకు పెట్టింది. మూడో చరణం నీది. నువ్వు పెట్టలే."

వాడికి ప్రాణం లేచొచ్చింది. "గింతేనా!" అని ముక్క విరిచి నా నోట్లో పెట్టాడు. మా ఇంటాయన పోయాక నేను తీపి తినలేదు. మెల్లగా చప్పరించి మింగాను. తర్వాత వాడు పెట్టినదానికంటే పెద్ద ముక్క విరిచి వాడి నోటి ముందు పెట్టాను.

"ఇగ నీ వంతు."

"అత్తమ్మా, షుగరుంది గదా... డాక్టరు కాలే తీయాలె అంటుండు."

"పిసరంత తింటె ఏమైతది? మీ మామ గూడ పిసరంతనే అడిగిండు."

వాడు నా చేతిలోని బెల్లాన్ని చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఏళ్ల తరబడి తీపికి మొహం వాచిన మనిషి చూపు. వీడియో కోసమో, నోటి చేదు కోసమో, వాడు మెల్లగా నోరు తెరిచాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వంటింట్లో నుంచి మంజుల గిన్నె జారవిడిచి వచ్చింది. "అత్తా, వద్దు!" అని నా మణికట్టు పట్టుకుంది. పెళ్లయి వచ్చాక ఆమె నన్ను అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదటిసారి.

"పాపం అడుగుతుండు గదా పిల్లా," అన్నాను. "ఒక్క ముక్క ఇయ్యనీ."

ఆమె చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆ మాట ఎవరిదో, ఏ పొద్దున అన్నదో ఆమెకు అందింది. రాఘు, "అక్కా, జరంతనే... అత్తమ్మనే పెడ్తున్నది గదా?" అన్నాడు, కళ్లు బెల్లం మీది నుంచి తీయకుండా. మంజుల వాడి వైపు చూడలేదు. నా చేతిలోని ముక్కను, పళ్లేన్ని లాక్కుని సామానుగదిలోకి పోయింది. పెట్టె మూత పడింది. బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగి, నా ముందు నిలబడి చెయ్యి చాపింది. నేను కొంగు ముడి విప్పి తాళంచెవి ఆ చేతిలో పెట్టాను.

రాఘు మెడ తిప్పి అక్క చేతినే చూస్తున్నాడు. ఆమె తాళం వేసింది. టక్. కాసెట్టులో ఉన్న చప్పుడే.

తిరిగి ఇవ్వడానికి వచ్చింది. తీసుకోలేదు.

"నీ కొంగుకే కట్టుకో పిల్లా," అన్నాను. "మీ తమ్ముడు వీడియో తీస్తడంట."